ఐదంకెల తాళం

కారు రేడియోకి కూడా తాళం ఉంటుందని మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కరే. ఆ ఒక్కరికీ మాట పోయింది.

మా మామయ్యగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి 2007లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బుతో వనస్థలిపురం ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తే నెలనెలా అద్దె వస్తుందని అత్తయ్య లెక్కలు వేసుకుంటూ ఉంటే, ఆయన బూడిద రంగు హోండా సివిక్ కొని తెచ్చి గేటు ముందు హారన్ కొట్టారట. "ముప్ఫై ఏళ్లు గవర్నమెంటు జీపుల్లో కాలవ గట్ల మీద తిరిగిన నడుమే ఇది. దీనికీ ఓ పెన్షన్ ఉండాలి కదా" అన్నారట. ఆ కారుని అత్తయ్య ఇప్పటికీ 'మా పై అంతస్తు' అనే అంటారు.

అప్పట్నుంచి ఆయన దినచర్య ఒకటే. తెల్లారకముందే కారు తీసి హరిణ వనస్థలి దాకా వెళ్లడం, ఓ గంట నడవడం, వచ్చేటప్పుడు రైతుబజారులో ఆకుకూరలు తేవడం. దారి పొడుగునా రేడియో. 102.8, వివిధ భారతి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో వీధి మలుపులో పాట వినపడగానే స్టవ్ మీద కాఫీకి నీళ్లు పెట్టేదాన్ని. గేటు తీసేలోపు డికాక్షన్ దిగేది.

పోయినేడాది ఓ పొద్దున్నే ఆయనకి పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ వైపు దెబ్బ తినడంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలకి సంబంధించిన భాగం కూడా చాలామందికి ఆ ఎడమ వైపే ఉంటుందని అప్పుడే తెలిసింది. కాలు మూడు నెలల్లో చాలావరకు దారికొచ్చింది. చెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం ఒకే ఒక్కటి మిగిలింది. "అదే."

కాఫీ కావాలన్నా "అదే". కాఫీలో పంచదార ఎక్కువైనా "అదే". కోపానికో "అదే", నవ్వుకో "అదే". రాగం తేడా తప్ప మాట తేడా లేదు. ఇదేమీ వింత కాదని డాక్టరు చెప్పారు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి వచ్చిన ఒకాయన ఏమడిగినా "టాన్" అనే ఒక్క మాటే అనేవాడట. ఆయన పోయాక మెదడు పరీక్షించి, మాట పలికించే చోటు ఫలానా అని బ్రోకా చెప్పగలిగాడు. ఇలాంటివాళ్లకి మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. లోపల మాట ఉంటుంది, బయటికి రాదు. ఈ సంగతి తెలియని చుట్టాలు ఆయన పక్కనే కూర్చుని "పాపం, ఏం తెలియట్లేదు" అనేవాళ్లు. ఆయన నా వంక చూసి "అదే" అనేవారు. ఆ "అదే"కి అర్థం ఇక్కడ రాయను.

మాటలు నేర్పడానికి వచ్చే స్పీచ్ థెరపిస్టు అమ్మాయి పాటలు వినిపించమంది. మాట రానివాళ్లు కూడా పాటలో పదాలు పలుకుతారట. 1973లో బోస్టన్ డాక్టర్లు దాని మీద ఒక చికిత్స పద్ధతే తయారు చేశారట. సరే, ఫోన్లో పాటలకేం కరువు? మావారు స్పీకరు కొనుక్కొచ్చారు. కానీ ఫోన్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అడగాలి. "ఏ పాట పెట్టమంటారు మామయ్యా? ఘంటసాలవా? సుశీలవా?" అడిగిన ప్రతిసారీ ఆయన నోరు తెరవడం, రాకపోవడం, మొహం గోడవైపు తిప్పుకోవడం. నాలుగో రోజున స్పీకరుని మంచం కిందకి తోసేశారు.

రేడియోకి మనం ఏమీ చెప్పక్కర్లేదు. పాట అదే ఎంచుకుంటుంది, నచ్చకపోతే తిట్టుకుంటాం, అంతే. ఇంట్లో రేడియో ఎప్పుడో మూలపడింది. ఒక సాయంత్రం చేతికర్ర పట్టుకుని ఆయనే గుమ్మం దిగి కారు దగ్గరికి నడిచారు. ఎడమ చేత్తో తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. అప్పుడు నాకు తట్టిందొకటి. మన కార్లలో స్టీరింగు కుడి వైపు, రేడియో డ్రైవరుకి ఎడమ వైపు. ఆయనకి మిగిలిన మంచి చెయ్యి ఎడమదే. ప్రపంచంలో ఆ చెయ్యి వెతుక్కోకుండా అందుకునే వస్తువు ఆ రేడియో ఒక్కటే.

తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. నాలుగు నెలలు కదలని కారు, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. మర్నాడు మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. ఇంజను గురగురమంది. రేడియో మీద మాత్రం పాట బదులు ఇంగ్లిషులో 'కోడ్' అని వెలిగింది.

"దీనికి కోడ్ కొట్టాలమ్మా. సార్‌ని అడగండి" అన్నాడు మెకానిక్.

సార్‌ని అడగడం! అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

ఈ తాళం కథ తర్వాత చదివి తెలుసుకున్నాను. 1980ల్లో అమెరికాలో, యూరప్‌లో కారు అద్దం పగలగొట్టి స్టీరియో పీక్కుపోవడం మామూలు దొంగతనం. న్యూయార్క్‌లో జనం 'ఇందులో రేడియో లేదు' అని బోర్డు రాసి కారు అద్దానికి అంటించుకునేవాళ్లు, పగలగొట్టకు నాయనా అని. అందుకని కంపెనీలు ఒక ఉపాయం పన్నాయి. రేడియోకి కరెంటు తెగితే, అంటే ఎవరైనా ఊడబీకితే, మళ్లీ కరెంటు ఇచ్చినప్పుడు రహస్య సంఖ్య అడుగుతుంది. చెప్పకపోతే పలకదు. దొంగకి అది ఉత్త డబ్బా. ఉపాయం బాగానే ఉంది. కానీ కరెంటు తెగింది దొంగ పీకడం వల్లా, బ్యాటరీ అయిపోవడం వల్లా అన్నది దానికి తెలియదు. తర్వాత తర్వాత స్టీరియోలు డ్యాష్‌బోర్డులోనే కలిసిపోయి, ఇంకో కారులో పట్టనివైపోయాయి. పీకే దొంగ తగ్గిపోయాడు. తాళం మాత్రం పాత కార్లలో ఉండిపోయింది, సొంతదారుణ్ణి నిలదీయడానికి.

మామయ్యని అడిగాం. ఆయనకి ప్రశ్న అర్థమైంది, అది కళ్లలో కనపడింది. ఎడమ చేతి వేళ్లు నాలుగు చూపించారు, కాదని తల ఊపారు, మూడు చూపించారు, మళ్లీ కాదన్నారు. "అంకె చెప్పు నాన్నా" అని మావారు అంటే "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." అని పది దాకా వెళ్లిపోయారు. ఆయన నోట అన్ని మాటలు వరసగా విని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అది వరస అలవాటేనని, వారాల పేర్లు, అంకెలు అలా దొర్లుకుంటూ వస్తాయని థెరపిస్టు ముందే చెప్పింది. అందులోంచి ఒక్క 'నాలుగు'ని విడిగా తియ్యమంటేనే కష్టం. చివరికి ఆయన విసిగిపోయి ఇంట్లోకి చెయ్యి చూపించి, హాల్లో టెలిఫోన్ బల్ల వైపు "అదే, అదే" అన్నారు. షోరూముకి ఫోన్ చెయ్యమంటున్నారని మావారు తేల్చారు.

అంతకుముందే మావారి సొంత ప్రయత్నాలు కొన్ని అయ్యాయి. ఆ రేడియోకి అంకెలు నొక్కేది స్టేషన్ల బటన్లతోనే. అవి ఉన్నవి ఆరు. కాబట్టి కోడ్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది, సున్నా ఉండే వీలే లేదు. మామయ్య పుట్టిన 1949, పెళ్లైన 1974, అన్నీ అక్కడే కొట్టుకుపోయాయి. పైగా అది మనం పెట్టుకునే నంబరు కాదు, ఫ్యాక్టరీ ఇచ్చేది. దానికి మన పుట్టినరోజులతో పనేంటి?

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. "అమ్మా, ఐదంకెలు, ఒక్కోచోట ఆరు అవకాశాలు. మొత్తం 7,776. అన్నీ కొట్టేద్దాం" అన్నాడు హుషారుగా. కారు పుస్తకం తీసి చూశాం. పది తప్పులు చేస్తే రేడియోని ఆన్‌లోనే ఉంచి గంట ఆగాలట, అప్పుడు ఇంకో పది. వాడు మళ్లీ లెక్క కట్టాడు. రాత్రీ పగలూ సీట్లోంచి లేవకుండా కూర్చుంటే 32 రోజుల పైన. వాడికి పరీక్షలు 20 రోజుల్లో ఉన్నాయి కాబట్టి ఆ ఆలోచన అక్కడితో ఆగింది.

కోడ్ రాసిన కార్డు కోసం ఇల్లంతా వెతికాం. మామయ్య దగ్గర ప్రతి కాగితానికీ ఫైలుంది. మొదటి సర్వీసింగు బిల్లు దగ్గర్నుంచి పొల్యూషన్ సర్టిఫికెట్ దాకా తేదీల వారీగా గుచ్చి ఉన్నాయి. ఆ కార్డు తప్ప. డ్యాష్‌బోర్డు అరలో చూస్తే, లోపలి గోడకి స్టిక్కరు అంటించి పీకేసిన నలుచదరపు జిగురు మరక ఉంది. ఆయన బుర్ర ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. తాళంచెవి తలుపుకే వేలాడదీస్తామా అనుకుని, కొన్న రోజే చింపేసి ఉంటారు.

మెకానిక్ సలహా వేరు. "ఇది పీకేసి కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టిస్తానమ్మా, పెద్ద స్క్రీను, టీవీలా ఉంటది." చవకే, మంచిదే. కానీ స్క్రీను మీద తడుముకుంటూ కొత్త విద్య నేర్చుకోవడానికి ఆయన దగ్గర ఇప్పుడు ఓపిక ఎక్కడిది? ఆ గుండ్రటి నాబు, ఆ ఆరు బటన్లు ఆ చేతికి కంఠతా వచ్చు. ఉన్నవాటిలో ఇంకొకటి పోగొట్టడం నాకు ఇష్టం లేకపోయింది. వద్దన్నాను.

సర్వీస్ సెంటరుకి ఫోన్ చేస్తే రేడియో సీరియల్ నంబరు కావాలన్నారు. దానికోసం రేడియో ఊడదియ్యక్కర్లేదు. తాళం ఒక మెట్టు తిప్పి, రేడియో ఆపి ఉంచి, ఒకటో బటనూ ఆరో బటనూ కలిపి నొక్కిపట్టి రేడియో ఆన్ చెయ్యాలి. 'యు' అన్న అక్షరంతో నాలుగంకెలు, తర్వాత 'ఎల్' తో నాలుగంకెలు కనపడతాయి. ఆ ఎనిమిదీ కలిపి సీరియల్ నంబరు. మా అబ్బాయి నొక్కాడు, నేను ఫొటో తీశాను. దాంతోపాటు ఆర్సీ, పాన్ కార్డు, ఓనరు సంతకంతో ఒక అర్జీ తెమ్మన్నారు. న్యాయమే. సీరియల్ నంబరు చెప్పిన ప్రతివాడికీ కోడ్ ఇచ్చేస్తే ఇంక తాళం దేనికి?

సంతకం దగ్గరే వచ్చింది చిక్కు.

రెండు నెలల క్రితం పెన్షన్ పని మీద బ్యాంకు వాళ్లు ఇంటికే వచ్చి ఆయన చేత వేలిముద్ర వేయించుకున్నారు. వాళ్లు చాలా మర్యాదగానే చేశారు. వాళ్లు వెళ్లాక మామయ్య వాష్‌బేసిన్ దగ్గర ఎంతసేపు నిలబడ్డారో! సిరా పోయాక కూడా ఆ బొటనవేలిని సబ్బుతో తోముతూనే ఉన్నారు. ఎన్ని ఎం.బుక్కుల మీద, ఎన్ని కోట్ల బిల్లుల మీద సంతకం పెట్టిన చెయ్యి! ఆ సంతకం కింద ఒక గీత ఉండేది, పొడుగ్గా, కాలవలాగా.

అర్జీ నేనే రాశాను. నా కారు రేడియో కోడ్ కనపడటం లేదు, దయచేసి ఇప్పించగలరు. ఆయన ముందు పెట్టి చదివి వినిపించాను. అలవాటు కొద్దీ మావారు స్టాంపు ప్యాడ్ తెచ్చారు. మామయ్య దాన్ని పక్కకి నెట్టేశారు. నా జేబుకున్న పెన్ను వైపు చెయ్యి చాపారు. ఎడమ చెయ్యి.

ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి కాగితం చిరిగింది. రెండో దాని మీద సగంలో పెన్ను జారింది. మధ్యలో అత్తయ్య "ఎందుకండీ ఆయాసం, వేలిముద్ర..." అనబోతే ఆయన తలెత్తి "అదే!" అన్నారు. ఆవిడ మళ్లీ మాట్లాడలేదు. మూడో కాగితం మీద ఒకటో తరగతి పిల్లాడి అక్షరాల్లాంటివి, మెట్లు మెట్లుగా, ఆయన పేరు వచ్చింది. కింద గీత కూడా గీశారు. వంకరగా పోయింది. కాలవలు మాత్రం అన్నీ తిన్నగా పోతాయా?

ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కారులోనే వెళ్లాం. కౌంటరు దగ్గర కుర్రాడు పాన్ కార్డు మీది సంతకం చూశాడు, అర్జీ మీది సంతకం చూశాడు. రెండింటికీ ఏ పోలికా లేదు. ఏం చెప్పాలా అని నేను గొంతు సవరించుకుంటున్నాను. అద్దాల్లోంచి బయట ఉన్న కారు, అందులో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఇటే చూస్తున్న మనిషీ కనపడుతున్నారు. ఆ కుర్రాడు ఓ క్షణం చూసి, "సార్ సంతకమే కదా మేడమ్?" అన్నాడు.

"ఆయనే పెట్టారు బాబూ. మా కళ్లముందే."

స్టాప్లర్ టక్కుమంది.

మర్నాడు మధ్యాహ్నం ఐదంకెలు ఫోన్లో చెప్పారు. అవేమిటో ఇక్కడ రాయను, మామయ్య ఒప్పుకోరు. నేను కొట్టేస్తే అర నిమిషం పని. కానీ అర్జీ పెట్టుకుంది ఆయన. డ్రైవరు సీట్లో కూర్చున్నారు. నోటితో అంకె చెబితే చెయ్యి తడబడుతుందని, కాగితాల మీద పెద్ద పెద్ద అంకెలు రాసి ఒక్కొక్కటే చూపించాను. చూసిన అంకెని బటను మీది అంకెతో సరిపోల్చడం ఆయనకి బాగానే వచ్చు. ఒకటి నొక్కారు. రెండోది. మూడో దానికి వేలు పక్క బటను దాకా వెళ్లి ఆగి, వెనక్కి వచ్చింది. నాలుగు. ఐదు.

ముందు బుస్సుమని గాలి హోరు. బ్యాటరీ పోయినప్పుడు దాచుకున్న స్టేషన్లు కూడా తుడిచిపెట్టుకుపోయాయి. మా అబ్బాయి సాయం చేయబోతే చేతిని తోసేశారు. ఆయనే తిప్పుకుంటూ వెళ్లారు. 102.8 దగ్గర ఆగారు. అంత కష్టపడితే వచ్చింది పాట అనుకుంటున్నారా? బట్టల సబ్బు ప్రకటన! మామయ్య ఒక్కసారిగా నవ్వారు. సగం పెదవే లేచింది కానీ అది పాత నవ్వే. ప్రకటన అయ్యాక పాట వచ్చింది. అత్తయ్య వెళ్లి పక్క సీట్లో కూర్చున్నారు. కదలని కారులో అలా గంటసేపు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మావారు ఆయన్ని హరిణ వనస్థలి దాకా తీసుకెళ్లి తెస్తున్నారు. పల్లవి చివర ఒకటీ అరా మాటలు కలుపుతున్నారు మామయ్య. అది మాట తిరిగి రావడం కాదు, తొందరపడి ఆశలు పెట్టుకోకండి అంటుంది థెరపిస్టు. అలాగేనంటాం. మెకానిక్ కూడా ఓ మంచి మాట చెప్పాడు. ఈసారి బ్యాటరీ మార్చేటప్పుడు, పాతది తీసే ముందే ఇంకో పన్నెండు వోల్టుల బ్యాటరీ వైర్లతో తగిలించి ఉంచితే రేడియోకి కరెంటు తెగదట, కోడ్ అడగదట. ఇది మొదటిసారే చెప్పొచ్చు కదా నాయనా!

అసలు తమాషా తర్వాత జరిగింది. దసరాకి ఇల్లు సర్దుతూ అత్తయ్య టెలిఫోన్ బల్ల సొరుగులోంచి ఫోన్ నంబర్ల పుస్తకం తీశారు. దుమ్ము దులుపుతూ తిరగేస్తుంటే 'స' పేజీలో 'సివిక్ రావు' అని కనపడింది. పక్కన ఎనిమిదంకెల నంబరు. ఆ పేరుగల మనిషి మాకెవరికీ తెలియదు. నేను చూసి అక్కడే కూలబడ్డాను. మొదట ల్యాండ్‌లైన్లకుండే రెండు, ఏడు, ఇంకో అంకె. చివరి ఐదూ మా రేడియో కోడ్. కోడ్ తెలిసినవాళ్లకి తప్ప అక్కడ కోడ్ ఉందని తెలిసే వీలు లేదు!

"అయితే ఆ రోజు చూపించింది ఫోన్‌ని కాదన్నమాట, ఈ పుస్తకాన్ని" అన్నారు అత్తయ్య. మామయ్య పడక్కుర్చీలోంచి తాపీగా "అదే" అన్నారు.

ఇక ఆ పుస్తకంలో అత్తయ్యకి అందరూ అనుమానితులే. 'ఏటీఎం మూర్తి' ఎవరో మావారు వెంటనే పట్టేశారు. 'బీరువా రెడ్డి' దగ్గర మాత్రం ఆవిడకి ఆత్రం పెరిగింది. ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలియని బీరువా ఏంటి, అందులో ఏం దాచారు? మామయ్య ఎంత తల అడ్డంగా ఊపినా వినకుండా, చూద్దామని ఆ నంబరుకి ఫోన్ కొట్టారు. అవతల మోగింది. ఎవరో పెద్దాయన ఎత్తారు. ఎల్బీ నగర్‌లో ఒకప్పుడు ఇనప బీరువాలు చేసే షాపట, ఇప్పుడు కొడుకులు చూసుకుంటున్నారట. నడకలో పరిచయం.

"ఇంజనీరు గారి ఇంటి నుంచా అమ్మా?" అన్నారాయన గాభరాగా. "ఏడాదైంది, పార్కు దగ్గర కారు కనపడలేదు. ఊరొదిలి వెళ్లిపోయారేమో అనుకున్నాం. ఎలా ఉన్నారు సార్?"

ఆదివారం పొద్దున్నే వచ్చారు బీరువా రెడ్డిగారు, ఇంకో ఇద్దరు నడక స్నేహితులతో, ఓ సంచీ సీతాఫలాలతో. ముగ్గురూ కారులో ఎక్కి కూర్చున్నారు. మామయ్య డ్రైవరు సీట్లో ఉండి రేడియో పెట్టారు. నేను లోపలికి వెళ్లి కాఫీకి నీళ్లు పెట్టాను.